మొదటి కాపు దాకా

ఆగస్టు 6, ఆదివారం

కోడలు ఇవాళ చెప్పేసింది. తన దగ్గర బండి నేర్చుకుంటున్న లిఫ్టు మెకానిక్కు, మా లిఫ్టాయన, పెళ్ళి చేసుకుందామని అడిగాడట. తనకూ ఇష్టమేనట.

"మీరేమంటారో విన్నాకే జవాబు చెప్తానన్నాను మావయ్యా," అంది.

అప్పుడు నేను వంగనారును కుండీల్లోకి మారుస్తున్నాను. చేతుల నిండా మట్టి. మొహం చూపించకుండా ఉండటానికి అంతకంటే మంచి సాకు దొరకదు. నా కొడుకు పోయి నాలుగేళ్ళు. తనకు ముప్ఫై నాలుగు. పెంచిన అమ్మమ్మ కూడా పోయాక వెళ్ళడానికి పుట్టిల్లంటూ లేక, ఇన్నాళ్ళూ నాతోనే ఉంది. కాదు, పుట్టిల్లు లేక కాదు. ఉన్నా ఉండేదే. ఆ మాట ఇక్కడ ఒప్పుకోకపోతే ఎక్కడ ఒప్పుకుంటాను?

"చాలా మంచి మాటమ్మా," అన్నాను. "తొందరేముంది, ఈ మొక్కలు కాయనీ. మొదటి కాపు వండి అతణ్ణి భోజనానికి పిలుద్దాం. ఎప్పుడు, ఎలా అన్నది ఆ రోజే మాట్లాడుకుందాం."

ఎంత హుందాగా అన్నానో నాకే ముచ్చటేసింది. కోడలు కళ్ళు తుడుచుకుని డ్రైవింగ్ క్లాసు చెప్పడానికి పోయింది. ఆదివారం కూడా బండి నేర్చుకోవడానికి వస్తారు జనం.

ఆగస్టు 9

ఆరు కుండీలు. ఒక మొక్క తల వాల్చింది. మిగతావి నిక్షేపంలా ఉన్నాయి.

విత్తనాలు తెచ్చింది లిఫ్టాయనే అని రాయడం మర్చిపోయాను. పొట్టి రకమట, కాయ బొటనవేలంత దాటదట. ఎండ మొహం చూడని ఇంట్లో మొక్కలేమిటయ్యా అన్నాను. మర్నాడు పొడుగాటి దీపం ఒకటి తెచ్చి, పోయిన నా కొడుకు గదిలో బల్ల మీద బిగించి పోయాడు. దానికి ఒక టైమరు. పొద్దున్నే దానంతటదే వెలుగుతుంది, రాత్రి దానంతటదే ఆరుతుంది. వాడి గదిలో దీపం వెలగడం చూసి మొదటి రోజు నా గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు అలవాటైంది.

సెప్టెంబరు 3, ఆదివారం

లిఫ్టాయన వచ్చాడు. మనిషి మంచివాడే, కాదనను. పొడుగ్గా ఉంటాడు, ఆ పొడుగుకు తనే క్షమాపణ చెప్పుకుంటున్నట్టు వంగి నడుస్తాడు. ఏ గుమ్మం దగ్గరైనా ఆగి, కిందకు చూసి గానీ అడుగు లోపలికి వేయడు. గది అక్కడే ఉందో లేదో చూసుకుంటాడట. తలుపు తెరుచుకున్నంత మాత్రాన లోపల లిఫ్టు ఉందని నమ్మకూడదని వాళ్ళకు మొదటి రోజే నేర్పుతారట.

"బాబాయ్ గారూ, మొక్కలు భలే పెంచారండీ," అన్నాడు.

ఏ వరసన బాబాయినో అడగబోయి ఊరుకున్నాను. ముగ్గురు గురువుల దగ్గర బండి నేర్చుకుని, పరీక్ష తప్పి, నాలుగోసారి మా కోడలి చేతిలో పడ్డాడు. మనుషుల్ని పైకీ కిందకీ పంపడం తప్ప ముందుకు నడపడం అతనికి రాదని తను ఎగతాళి చేస్తుంది. అతను నవ్వుతాడు. తను కూడా నవ్వుతుంది. ఈ ఇంట్లో ఆ నవ్వు విని చాలా కాలమైంది. విన్నందుకు సంతోషించాను.

సంతోషించాననే అనుకుంటున్నాను.

సెప్టెంబరు 17

మొదటి మొగ్గ విచ్చుకుంది. ఊదారంగు రేకులు, మధ్యలో పసుపు. తల కిందకు వేలాడేసుకుని ఉంటుంది, కొత్త కోడలిలా.

మొదటి పువ్వును తుంచేయాలని విత్తనాల పొట్లం మీదే రాసి ఉంది. అలా చేస్తే బలం కాయకు పోకుండా కొమ్మలకు పోతుందట. తుంచేశాను. కట్టుడు పళ్ళు చేసే రోజుల్లో మైనం కత్తిరించిన వంపు కత్తెర ఇన్నాళ్ళకు పనికొచ్చింది. తొడిమ దగ్గర నున్నగా తెగింది.

సెప్టెంబరు 21

మరో రెండు పూశాయి. మొక్క ఇంకా గట్టిపడలేదు. తుంచాను.

సెప్టెంబరు 26

మూడు. ఆకులు ఎంత బాగున్నాయో. ఇంత పచ్చటి ఆకు మీద కాయ భారం ఇప్పుడే ఎందుకు?

అక్టోబరు 1, ఆదివారం

కోడలికి గొంతు పోయింది. "క్లచ్చు, క్లచ్చు" అని అరిచీ అరిచీ నిన్నటి నుంచి మాట బయటకు రావడం లేదు. మిరియాలు మరిగించిన నీళ్ళు ఇచ్చాను. మాట్లాడొద్దని గదమాయించాను. కాగితం మీద రాసి చూపించింది: మాట్లాడకుండా ఉండాలంటే మీరు పేకాటలో దొంగాట ఆడకూడదు.

సాయంత్రం దాకా పేక ఆడాం. నేను దొంగాట ఆడాను. తను బల్ల మీద గుద్దడం తప్ప ఏమీ చేయలేకపోయింది. ఇంత మంచి ఆదివారం ఈ మధ్య లేదు.

లిఫ్టాయన ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. గొంతు బాగోలేదు, తర్వాత చెయ్యమన్నాను. కాయలు పడ్డాయా అని అడిగాడు. ఇంకా లేదన్నాను. అబద్ధమేమీ కాదు.

అక్టోబరు 8

"పూలు పూస్తున్నాయి, ఒక్క కాయ కూడా నిలబడటం లేదేంటి మావయ్యా?" అని కోడలు అడిగింది. అద్దంలో చూసుకుంటూ జడ వేసుకుంటోంది.

"ఇంట్లో తేనెటీగలు ఎక్కడున్నాయమ్మా? పుప్పొడి దులిపేవాళ్ళు లేకపోతే పువ్వు రాలిపోతుంది. పైగా గదిలో గాలి లేదు. పైగా తెల్లదోమ," అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు చెప్పాను. తను జడ పూర్తి చేసి క్లాసుకు వెళ్ళిపోయింది.

తెల్లదోమ లేదు. ఆకులన్నీ తిరగేసి చూశాను, ఒక్కటి కూడా లేదు.

అక్టోబరు 12

తుంచాను.

అక్టోబరు 15, ఆదివారం

తుంచాను. ఇది మొక్క కోసమే. కొమ్మలు ఎన్ని వేసిందో చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు.

లిఫ్టాయన వచ్చి కుండీల ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. "నీళ్ళు ఎక్కువవుతున్నాయేమో బాబాయ్ గారూ," అన్నాడు. ఇంకోసారి, "దీపం కాస్త దించనా?" అన్నాడు. తప్పంతా తన దీపానిదే అయినట్టు మొహం పెట్టాడు. దించాడు. వెళ్ళేటప్పుడు, "ఫర్వాలేదండీ, కాసినప్పుడే కాస్తాయి," అన్నాడు.

అతను తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరు 27

పొద్దున కోడలు గాజు గ్లాసు నా ముందు పెట్టింది. నీళ్ళలో తన పళ్ళ తొడుగు.

"ఇది గుచ్చుకుంటోంది మావయ్యా, కాస్త అరగదీసి పెట్టరూ."

నిద్రలో పళ్ళు కొరుక్కునేవాళ్ళకు పెట్టేది. వాడు పోయిన కొత్తలో తను రాత్రంతా పటపటా కొరికేది, పక్క గదిలోకి వినిపించేది. అప్పుడు నేనే చేసి ఇచ్చాను. మొదటి ఏడాదిలో రెండు అరగ్గొట్టింది. ఇది మూడోది. ఇది అద్దంలా ఉండేది, గీత కూడా పడలేదు. మనిషి కుదుటపడిందని నాకు డాక్టరెవరూ చెప్పలేదు, ఈ తొడుగే చెప్పింది.

భూతద్దం పెట్టి చూశాను. ఎడమ దవడ వైపు గాడి పడింది. కొత్త గాడి, అంచులు ఇంకా గరుకుగా ఉన్నాయి. అరిగిన పొడి నీళ్ళలో తెల్లగా తేలుతోంది.

నలభై ఏళ్ళు ఊరందరి పళ్ళు చేసినవాణ్ణి. ఇది చదవడానికి నాకు ఇంకొకరి సాయం అక్కర్లేదు. పిల్ల మళ్ళీ బాధలో ఉంది. ఈసారి చావు పెట్టిన బాధ కాదు, నేను పెట్టింది. పెద్దమనిషిలా వరమిచ్చి, చాటుగా కత్తెర పట్టుకున్నాను. మొక్క బలం అంటూ నాకు నేనే చెప్పుకున్న కబుర్లన్నీ పైన ఉన్నాయి, చింపేద్దామనిపించింది. చింపను. ఉండనీ.

తొడుగు నున్నగా చేసి ఇచ్చాను. "మీ చేతిలో ఏదో ఉంది మావయ్యా," అంది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

అక్టోబరు 28

కత్తెర పాత పెట్టెలో పెట్టేశాను. ఇక ముట్టను.

నవంబరు 4

ఈరోజు చేసిన పని చూస్తే నా పాత గురువు నవ్వి చచ్చేవాడు. పళ్ళ అచ్చుల్లో ప్లాస్టరు పోసినప్పుడు బుడగలు పైకి రావడానికి, అచ్చును పెట్టి వణికించే చిన్న యంత్రం ఒకటి ఉండేది. అటక మీద నుంచి దాన్ని దింపాను. దాని మీద కుండీ పెట్టి మీట నొక్కాను. మొక్క నిలువెల్లా గజగజలాడింది. పూల నుంచి పసుపు పొడి సన్నగా రాలింది.

తేనెటీగ చేసేదీ ఇదేనట. పువ్వును పట్టుకుని రెక్కలు ఝుమ్మనిపిస్తుందట. ఆరు కుండీలనూ వరసగా వణికించాను. కింది అంతస్తు ఆవిడ వచ్చి ఏం రుబ్బుతున్నారని అడిగింది.

నవంబరు 6

నిన్న నాలుగు పూలున్నాయి. ఇవాళ రెండు.

రాలాయేమో. రాలితే కుండీలో కనపడాలి కదా.

నవంబరు 8

మళ్ళీ రెండు పోయాయి. తొడిమ చూశాను. రాలిన పువ్వుకు తొడిమ పసుపెక్కి, దానంతటదే ఊడుతుంది. ఇది పచ్చిగా ఉంది, తడిగా ఉంది, పక్కన అర్ధచంద్రంలా గోటి గుర్తు ఉంది.

లిఫ్టాయన రాలేదు ఈ వారం. కింది అంతస్తు ఆవిడ గది లోపలికి రాలేదు. నేను ముట్టలేదు, ఒట్టు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరం. అందులో ఒక దొంగ పని మానేశాడు.

నవంబరు 9

తను ఆరింటి క్లాసుకు తయారవుతుంటే నేనే ముందు లేచి వెళ్ళి వాడి గది గుమ్మంలో నిలబడ్డాను. దీపం అప్పుడే వెలిగింది. కోడలు వచ్చింది, డ్రైవింగ్ స్కూలు చొక్కా వేసుకుని, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. నన్ను చూసి కూడా ఆగలేదు. మూడో కుండీలో పువ్వును రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"మీరు చేసిన పనే."

గొంతులో కోపం లేదు. వాడి మంచం మీదే కూర్చున్నాను.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మొదటి వారం నుంచీ. పూల తొడిమలు అంత నున్నగా ఎవరు కోస్తారు మావయ్యా, కట్టుడు పళ్ళు చేసిన చెయ్యి తప్ప?"

"అడగలేదేం?"

"మొదట్లో కోపం వచ్చింది. అడుగుదామనే అనుకున్నా. తర్వాత హాయిగా అనిపించింది. ఆయన అడిగినప్పుడల్లా కాపు రాలేదని చెప్పేదాన్ని. నా తప్పేం లేదు, తప్పంతా మీది. అంతలో మీరు తుంచడం ఆపేశారు. ఇక జవాబు నేనే చెప్పాలి కదా. చెయ్యి దానంతటదే పోయింది."

"అతనంటే ఇష్టం లేదా?"

"ఇష్టం లేకపోతే ఇంత అవస్థ దేనికి?" పువ్వును వదిలేసింది. అది ఊగుతూ ఉండిపోయింది. "ఆయన ఇంటికి వెళ్ళాక నేను మీకేమవుతాను మావయ్యా? అది చెప్పండి చాలు. మీ అబ్బాయి లేడు. నేను ఇంకొకరి భార్యని. మీకు జ్వరమొస్తే ఏ వరస చెప్పుకుని వచ్చి తలుపు కొట్టను? ఆసుపత్రిలో మీరేమవుతారని అడిగితే ఏం చెప్పను? నాకున్నది మీరొక్కరే. మిమ్మల్ని పోగొట్టుకుని ఆయన్ని తెచ్చుకోవాలా?"

కింద ఎవరో హారన్ కొట్టారు, నేర్చుకునేవాళ్ళే, అంత మర్యాదగా ఇంకెవరూ కొట్టరు. తను వెళ్ళిపోయింది. టీ పెట్టుకున్నాను, తాగలేదు.

నవంబరు 10

ఒంటరిగా ఉండాలంటే భయమనుకున్నాను. కాదు. వంట వచ్చు, మందులు గుర్తుంటాయి, మెట్లు ఎక్కగలను. ఆ పిలుపు పోతుందని భయం. మావయ్యా అని నన్ను పిలిచే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. తను పిలవడం మానేస్తే నేను ఎవరికీ ఏమీ కాను.

ఇన్నాళ్ళూ ఇద్దరం ఒకే భయాన్ని ఒకే మొక్క మీద తుంచుతూ వచ్చాం. చెరో పూట.

నవంబరు 12, ఆదివారం

"ఇక ఇద్దరం ముట్టొద్దు," అన్నాను. "కాయనిద్దాం. ఏమవుతావన్నది నేను ఆలోచిస్తాను. పెద్దవాణ్ణి, ఆ మాత్రం పని నాకు వదిలెయ్."

"మీ ఆలోచన తేలేసరికి వంకాయలు ముదిరిపోతాయి," అంది. కానీ నవ్వింది.

నవంబరు 20

పిందె. కంది గింజంత. ముచ్చికలో దాక్కుని ఉంది. కోడల్ని పిలిచి చూపించాను. ఇద్దరం ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

నవంబరు 22

ఇంకో రెండు.

నవంబరు 26, ఆదివారం

లిఫ్టాయన వచ్చి పిందెల్ని చూశాడు. నేల మీద బోర్లా పడుకుని, కింద నుంచి చూశాడు. లేచేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దీపం దించడం మంచిదైంది బాబాయ్ గారూ," అన్నాడు.

అంతా నీ దీపం మహిమేనయ్యా అన్నాను. కోడలు వంటింట్లోకి పారిపోయి నవ్వుకుంది.

అతను వెళ్ళాక నాకు ఒక సంగతి తట్టింది. ఇన్ని నెలల్లో అతను నన్ను ఒక్కసారి కూడా ఎప్పుడని అడగలేదు. నేనూ అతణ్ణి ఒక్క మాట అడగలేదు. పెళ్ళి మాటలంటే రెండు వైపులా మనుషులుండాలి. మా పిల్ల వైపు ఎవరున్నారు?

డిసెంబరు 12

కాయలు ఐదు. నల్లగా, నిగనిగలాడుతున్నాయి. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తోంది. ఇంకా ఉంచితే గింజ ముదురుతుంది. అందరూ పెద్దవి కావాలని చూస్తారు. ఇవి ఇంతే, ఇంతకంటే పెరగవు.

రేపు కోస్తాను. భోజనానికి అతణ్ణి పిలవను. నేనే వెళ్తాను.

డిసెంబరు 13, బుధవారం

కాయలు కోసి స్టీలు డబ్బాలో పెట్టుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. రెండు క్లాసుల మధ్య ఖాళీలో కోడలు డ్రైవింగ్ స్కూలు బండిలోనే దింపింది. ఎక్కడికి, ఎందుకని అడగలేదు. అడ్రసు చెప్పగానే అర్థమైంది. తను కిందే ఉండిపోయింది.

ఆరంతస్తుల ఆఫీసు. లిఫ్టు పనిచేయడం లేదని బోర్డు పెట్టారు. పెళ్ళికొడుకు బాగుచేస్తుంటే ఇంకెలా పనిచేస్తుంది? మెట్లు ఎక్కాను. మూడో అంతస్తులో లిఫ్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, అడ్డంగా పసుపు గొలుసు. లోపల లిఫ్టు గది లేదు. గది సగం కింద ఉంది, దాని నెత్తి మీద లిఫ్టాయన నిలబడి ఉన్నాడు. అతని తల నా మోకాళ్ళ దగ్గర ఉంది.

"బాబాయ్ గారూ, అంచుకు రాకండి," అన్నాడు కంగారుగా. "ఏమైంది, తను బాగుందా?"

"బాగుంది. నేను బాబాయిగా రాలేదు. పిల్ల తరఫున వచ్చాను." మూడంతస్తులు ఎక్కిన ఆయాసం, కాస్త ఆగాల్సి వచ్చింది. "మా అమ్మాయిని నీకిద్దామనుకుంటున్నాం. నీ అభిప్రాయం తెలుసుకుందామని."

తల పైకెత్తి నా మొహం వైపు చూశాడు. చేతిలో టార్చి ఆర్పేశాడు.

"నేను ఎప్పుడో అడిగానండీ."

"నువ్వు తనని అడిగావు. తన వైపు మనిషి వచ్చి నిన్ను అడగలేదు. అడగడానికి తనకెవరూ లేరనుకుంటున్నావేమో. ఉన్నారు. అలిగితే తను వచ్చేది మా ఇంటికి. తీసుకెళ్ళడానికి నువ్వు రావాలి, లిఫ్టు ఉన్నా లేకపోయినా. పురిటికి వచ్చేదీ మా ఇంటికే. ఆ గది తనది. మొక్కలు కావాలంటే వంటింట్లోకి జరుగుతాయి. ఇవి ఒప్పుకుంటే మాట ఖాయం చేసుకుందాం."

ఇంత మాట ఒక్క గుక్కలో నా జన్మలో అనలేదు. రాత్రంతా అద్దం ముందు అనుకున్నదాంట్లో ఇది సగమే.

అతను చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా జిడ్డు పోవడం లేదు.

"ఒప్పుకుంటున్నానండీ," అన్నాడు. "అయితే మిమ్మల్ని ఇక మావయ్య గారూ అనాలి."

"అలవాటు చేసుకో."

డబ్బా మూత తీసి కిందకు వంచాను. ఒక కాయ తీసుకుని, జాగ్రత్తగా చూసి, చొక్కా జేబులో టెస్టరు పక్కన వేసుకున్నాడు. మిగతావి సాయంత్రం మా ఇంట్లో వేయించుకుని తిందాం, తొందరగా రమ్మన్నాను. నేను మెట్లు దిగుతుంటే పైన ఇనప సామాను ఏదో కింద పడింది. మావయ్య గారూ, ఏం కాలేదండీ, అని అరిచాడు.

కోడలు బండి ఇంజను ఆపకుండా కూర్చుని ఉంది. రోజూ తను కూర్చునే పక్క సీట్లో నేను కూర్చున్నాను.

"ఏమన్నాడు?"

"ఒప్పుకున్నాడు. పిల్ల తండ్రి కాస్త గట్టిమనిషని భయపడ్డట్టున్నాడు."

తను నా వైపు తిరగలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ, "పిల్ల తండ్రి," అంది. ఇంకోసారి అంది. తర్వాత బండి కదిలించింది.

ఇంటి దాకా ఏడుస్తూనే నడిపింది. ఒక్క గేరు కూడా తప్పు వేయలేదు. ఇది నేర్చుకునేవాళ్ళ బండి, నేను కూర్చున్న వైపు కూడా ఒక బ్రేకు ఉంది. కాళ్ళు రెండూ సీటు కిందకు లాక్కుని కూర్చున్నాను.